ఈ వారం ఉత్తరాలు: రొయ్యల ప్లాంటు, రైస్ మిల్లు, పూతరేకుల పొయ్యి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన మన డెల్టావేనండి, అన్నిట్లోనూ దాదాపు ఒకటే గోల, పనివాళ్ళకి పని చేతకావట్లేదు, వచ్చినవాళ్ళు ఉండట్లేదు, సరుకు ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండట్లేదు అని. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊరు మటుకే వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మాది భీమవరం పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటండి, ప్రొడక్షన్ నేనే చూస్తాను. సీజన్లో రోజుకి 10 టన్నుల దాకా వనామీ రొయ్య దిగుద్ది. తల తీసే దగ్గర, వలిచే దగ్గర యీల్డ్, అంటే చేతికి మిగిలే కండ, ఒకరోజు బాగుంటది, ఒకరోజు పడిపోద్ది. కొనేవాళ్ళేమో నరం ఉండిపోయింది, కౌంట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు అనే సైజు లెక్క) కలిసిపోయాయి అని మెయిల్స్ పెడతన్నారు. మా ఎండీ గారు హైదరాబాద్ నుంచి ట్రైనర్ని పిలిపించి రెండు రోజులు ఏసీ హాల్లో ప్రోగ్రాం పెట్టించారు, దండగ తగ్గించే లీన్ అన్నారు, రోజూ కొంచెం కొంచెం బాగుచేసుకునే కైజెన్ అన్నారు, భోజనాలు కూడా బాగానే పెట్టారు. నెల తిరక్కుండానే మళ్ళీ మామూలే. అసలు వర్కర్లు నాలుగు నెలలు కూడా నిలబడరు, వీళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి డబ్బులు దండగ అంటున్నారు మావాళ్ళు. నిజమేనంటారా?
ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఒక్క సంగతి చెప్పండి బాబూ, ఆ ఏసీ హాల్లో కూర్చున్నది ఎవరు? మీరు రాయలేదు గానీ నేను చెప్పేస్తాను, మేనేజర్లు, క్యూసీ కుర్రాళ్ళు, ఆఫీసులోంచి ఇద్దరు, ఫొటోలో హాలు నిండుగా కనపడాలని ఇంకో నలుగురు. రొయ్య వలిచే ఆవిడ ఆ రెండు రోజులూ టేబుల్ దగ్గర నిలబడి వలుస్తానే ఉంది. మరి యీల్డ్ ఎలా మారుద్దండి, యీల్డ్ ఉన్నది ఆవిడ వేళ్ళలో కదా.

లెక్క వేసుకోండి. 10 టన్నుల్లో ఒక్క శాతం అంటే 100 కిలోలు, ఒక్క రోజుకి. కిలో రేటు మీకే బాగా తెలుసు. తల తీస్తే ఎలాగూ మూడో వంతు బరువు దాకా పోద్ది, అది రొయ్య లెక్క, మనం ఏం చేయలేం, కానీ తలతో పాటు మెడ దగ్గర కండ కూడా ఊడిపోతే అది మటుకు మన జేబులోంచి పోయినట్టే. అది ఎందుకు ఊడుద్ది అంటే బొటనవేలు పెట్టాల్సిన చోట పెట్టక, తిప్పి లాగేయడం వల్ల. ఐస్ చాలక సరుకు మెత్తబడినా ఊడుద్ది. ఈ రెండిట్లో మీ ప్లాంట్లో ఏది ఎక్కువో ఎవరైనా చూశారా? హాల్లో స్లైడులు చూడ్డం కాదు, తలల బుట్ట దగ్గర నిలబడి ఒక గుప్పెడు తలలు తీసి చూడ్డం. కండ అంటుకుని ఉన్న తలలు ఎన్ని, ఏ టేబుల్ నుంచి, షిఫ్ట్ మొదట్లోనా చివర్లోనా అని. పేపరు, పెన్ను చాలు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇక నేర్పే సంగతి. కొత్తగా వచ్చిన అమ్మాయికి మీ దగ్గర ఎవరు నేర్పుతున్నారండి? చాలా ప్లాంట్లలో జరిగేది ఇదే, పక్కావిణ్ణి చూసి చేసుకోమ్మా అంటారు. ఆ పక్కావిడ తిప్పి లాగితే ఈవిడా తిప్పి లాగుద్ది. కాలవలో ఈత ఒడ్డు మీద కూర్చోబెట్టి చెప్తే రాదు, అలాగని తోసేసి వెళ్ళిపోయినా రాదు కదా.

దీనికి ఎప్పుడో పద్ధతి కనిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం టైములో అమెరికా ఫ్యాక్టరీల్లో అనుభవం ఉన్న మగాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతుంటే, ఎప్పుడూ మిషను ముట్టుకోని ఆడవాళ్ళు లక్షల్లో పనిలోకి వచ్చారు, అంటే ఇప్పుడు మీకున్న కష్టమే పెద్ద సైజులో. అప్పుడు 1940 నుంచి 1945 దాకా ప్రభుత్వమే ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని, టీడబ్ల్యూఐ అంటారు, ఒక కార్యక్రమం నడిపింది, 16 వేల పైన ప్లాంట్లలోకి వెళ్ళింది అది. వాళ్ళు చేసిన తెలివైన పని ఏంటంటే వర్కర్లకి క్లాసులు పెట్టలేదు, సూపర్వైజర్లకి నేర్పడం నేర్పారు. యుద్ధం అయ్యాక అక్కడ దాన్ని మూల పడేశారు, జపాన్ వాళ్ళు మటుకు పట్టుకున్నారు, టొయోటాలో పని నేర్పే పద్ధతి ఇవ్వాళ్టికీ దాని మీదే నడుస్తోంది. మనం కైజెన్ కైజెన్ అని జపాన్ పేరు చెప్తాం గానీ దాని వేళ్ళు కొన్ని ఈ అమెరికా పద్ధతిలో ఉన్నాయి.

పద్ధతి నాలుగు మెట్లే. ముందు మనిషిని కుదురుగా నిలబెట్టి భయం పోగొట్టాలి, ఈ పని నీకు ఎంత వరకు తెలుసమ్మా అని అడగాలి. తరవాత చేసి చూపించాలి, ఒకసారి మామూలుగా, ఇంకోసారి మెట్టు మెట్టుకీ ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్తూ, మూడోసారి ఎందుకో చెప్తూ. ఆ తరవాత ఆవిడతో చేయించాలి, చేస్తూ నోటితో చెప్పించాలి. చివరికి ఒంటరిగా వదిలి, ఇబ్బంది వస్తే ఎవర్ని అడగాలో చూపించి, మొదట్లో గంట గంటకీ వచ్చి చూసి, మెల్లగా తగ్గించాలి. నేర్చుకోలేదంటే నేర్పినవాడు నేర్పలేదన్నట్టే అని వాళ్ళు కార్డు మీద అచ్చేసి ఇచ్చేవారు, మీ సూపర్వైజర్లకి చదివి వినిపించండి, కొంతమందికి కోపం వస్తది, రానివ్వండి.

దీనికి ముందు మీ దగ్గర బాగా వలిచే ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ చెయ్యి ఎలా నడుస్తోందో రాసుకోండి. మూడు గళ్ళ కాగితం, ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త, ఎందుకు. 'తల తీయాలి' అని రాస్తే ఉపయోగం లేదు, 'బొటనవేలు తల చిప్ప కింద పెట్టాలి, మెడ కండ తోక వైపే ఉండిపోవాలి, ఎందుకంటే అదే మనం అమ్మేది' అని ఉండాలి. నరం తీసే దగ్గరా అంతే. ఆ 'ఎందుకు' అనే గడి ఖాళీగా వదిలేస్తారు చాలామంది, కారణం తెలీని మనిషి సూపర్వైజర్ అటు తిరగ్గానే తనకి తేలికైన పద్ధతిలోకి వెళ్ళిపోద్ది, ఎవరైనా అంతే. ఒరియా, హిందీ మాట్లాడే వాళ్ళు ఉంటే ఫొటోలు పెట్టండి.

ఇంకోటి అడుగుతాను, కోప్పడకండి. మీరు కూలీ కిలోకింత అని ఇస్తున్నారా? ఇస్తుంటే ఆవిడ స్పీడే చూసుకుంటది, మెడ కండ ఆవిడకెందుకు? మీరే తొందరపడమని డబ్బులిచ్చి, జాగ్రత్త లేదని తిడుతున్నట్టు. మొత్తం తీసేయమనట్లేదు, యీల్డ్ బాగున్న టేబుల్‌కి కొంత కలపండి. దీన్ని ముట్టుకోకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా నీళ్ళలో పోసినట్టే.

యీల్డ్ ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అన్నారు. ఎంత తేడా? ఏ కౌంట్‌లో? 30 కౌంట్ రోజునీ 80 కౌంట్ రోజునీ పక్కపక్కన పెట్టి పోల్చి సూపర్వైజర్ని అరవకండి. 1924లోనే షూహార్ట్ అనే ఆయన బెల్ టెలిఫోన్ వాళ్ళ దగ్గర పని చేస్తూ చార్టు గీసి చూపించాడు, ఏ పనిలో అయినా రోజువారీ ఊగిసలాట కొంత ఉంటది, అది ఆ పద్ధతిలోనే ఉన్న ఊగిసలాట, దాని కోసం మనుషుల్ని తిడితే ఏం మారదు, పద్ధతే మార్చాలి. ఆ చార్టులో గీసిన హద్దు గీత దాటి బయటికి పోయినప్పుడు మటుకు పరిగెత్తుకెళ్ళి చూడాలి ఆరోజు ఏమైందో, ఐస్ రాలేదా, చెరువు నుంచి లారీ లేటయ్యిందా, కొత్త బ్యాచ్ దిగిందా అని. ఇదే పాఠం డెమింగ్ అనే అమెరికా ఆయన 1950లో జపాన్ వెళ్ళి చెప్పాడు, మరుసటి ఏడాది నుంచే అక్కడ ఆయన పేరు మీద ప్రైజు పెట్టారు. ఆ ప్రైజు మన దేశంలో మొదట 1998లో చెన్నై సుందరం క్లేటన్ వాళ్ళ బ్రేకుల విభాగానికి వచ్చింది, కాబట్టి ఇది మనవాళ్ళకి చేతకాని విద్యేం కాదు.

మీకు ఒక వసతి ఎలాగూ ఉంది. అమెరికాకి సరుకు పంపేవాళ్ళకి 1997 డిసెంబర్ నుంచి హసాప్, అంటే సరుకు ఎక్కడ చెడొచ్చో ముందే చూసుకుని రాసి పెట్టుకునే పద్ధతి, తప్పనిసరి కదా, టెంపరేచర్ గంట గంటకీ రాసే అలవాటు మీ ఫ్లోర్ మీద ఉండే ఉంటది. ఆ పక్కనే ఇంకో గీత గీసి టేబుల్ వారీగా రెండు గంటలకోసారి తూకం రాయించండి. అన్ని టేబుళ్ళూ ఒకేసారి వద్దు, ఒక్క టేబుల్ తీసుకోండి, మంచి లీడర్ ఉన్నది, అక్కడ కుదిరాక పక్క టేబుల్ వాళ్ళే వచ్చి అడుగుతారు.

నాలుగు నెలలకి మానేస్తున్నారన్నారు. ఏ నెలలో మానేస్తున్నారో రాసి చూడండి, నాట్లప్పుడా, పండగలకా, లేకపోతే చేరిన మొదటి రెండు వారాల్లోనే ఎక్కువా? మొదటి రెండు వారాల్లో వెళ్ళిపోతుంటే చేతులు గడ్డకట్టుకుపోయి, పని రాక, అందరి ముందు మాటలు పడి వెళ్ళిపోతున్నారని అర్థం, అది మీరు సరిచేసేదే. మంచి గ్లవుజులు, టైముకి బస్సు, నేర్పే మనిషి. మనిషి మారిపోతున్న కొద్దీ నేర్పే పద్ధతి ఇంకా గట్టిగా ఉండాలి, దండగ అని మానేస్తే ప్రతి కొత్త బ్యాచ్ మీ సరుకు మీదే నేర్చుకుంటది.

ప్రశ్న: మండపేట దగ్గర మా నాన్నగారి రైస్ మిల్లండి. ఈమధ్య నూకలు బాగా పెరిగాయి. సేల్స్ అతను కొత్త సార్టెక్స్ వేయించండి తగ్గుద్ది అంటున్నాడు. నాన్నగారేమో ఆపరేటర్‌కి వయసైపోయింది మార్చేద్దాం అంటున్నారు. ఆయన నా చిన్నప్పట్నించీ ఉన్నాడు. ఎవరిది రైటు?
ఇంజనీరింగ్ చదివి మిల్లులో కూర్చున్నవాడు

జవాబు: ఇద్దరిదీ కాదు. సార్టెక్స్ రంగు మారిన గింజని, రాయిని, పుచ్చుని ఏరేస్తది, విరిగిన గింజని అతికించదు. నూక పుట్టేది అంతకు ముందే, ఎండలో, ఊక తీసే షెల్లర్లో, పాలిష్ దగ్గర. మిషను కొంటే బియ్యం మెరుస్తాయి, నూక అలాగే ఉంటది, బ్యాంకు ఈఎంఐ ఒకటి కొత్తగా వస్తది.

ఎందుకు అని అడుగుతూ పోవడం టొయోటా వాళ్ళు అలవాటు చేశారు, అయిదుసార్లు అడగమంటారు, లెక్క అంత ముఖ్యం కాదు, ఆగిపోకుండా అడగడం ముఖ్యం. నూక ఎందుకు పెరిగింది? గింజ పాలిష్‌లో విరుగుతోంది. ఎందుకు? షెల్లర్ నుంచి వచ్చేటప్పటికే గీత పడి ఉంది, కావాలంటే బ్రౌన్ రైస్, అంటే పాలిష్ పట్టని బియ్యం, గుప్పెడు తీసి టార్చి మీద పెట్టి చూడండి, గీతలు కనపడతాయి. ఎందుకు పడింది? ధాన్యం కళ్ళంలో బాగా ఎండిపోయి మళ్ళీ తేమ తగిలింది, లేదంటే మిషను కోత పచ్చి ధాన్యాన్ని కంగారుగా ఆరబెట్టారు. మీ దగ్గరికి వచ్చేటప్పుడు తేమ ఎంత ఉంది? ఇక్కడ చాలామంది ఆగిపోతారండి, ఎందుకంటే రాసి ఉండదు. గేటు దగ్గర తేమ మీటరు ఉంటది, తేమ 17 శాతం దాటితే రేటు కోయడానికి వాడతారు, ఆ అంకె మిల్లు లోపలికి రాదు. అన్ని లాట్లూ కలిసి ఒకే గుంటలో పడతాయి, 13 ఉన్నదీ 17 ఉన్నదీ షెల్లర్లో రబ్బరు రోళ్ళ మధ్య ఒకే గ్యాపులోంచి పోతాయి, మరి విరక్కేం చేస్తాయి.

దాళ్వా (రబీ) ధాన్యం అయితే సంగతి వేరు, ఏప్రిల్ ఎండలకి పండి ఎండిన గింజ పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువే, అందుకే మనవైపు దాన్ని ఉప్పుడుకి పంపిస్తారు. పెరిగింది అంటున్నది సార్వాతో (ఖరీఫ్‌తో) పోల్చా, నిరుడు దాళ్వాతో పోల్చా, ముందు అది తేల్చుకోండి.

ఆ పెద్దాయన సంగతి. ఆయన చప్పుడు విని రబ్బరు రోలు అరిగిందని చెప్పగలడు, ఊక పట్టుకుని గ్యాపు బిగించాలో వదలాలో చెప్పగలడు, అది ఎక్కడా రాసి లేదు. ఆయన్ని పంపించేస్తే అదంతా ఆయనతోనే పోద్ది. మీరు ఇంజనీరింగ్ చదివారు కదా, ఒక సీజన్ ఆయన పక్కన నిలబడి రాసుకోండి, ఏ తేమకి గ్యాపు ఎంత, రోలు మార్చింది ఎప్పుడు, మార్చే ముందు నూక ఎంత మార్చాక ఎంత. చిన్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఆయన కింద పెట్టండి. ఆ కుర్రాణ్ణి అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేస్తే స్టైపెండులో పావు వంతు, నెలకి 1,500 దాకా, కేంద్రం నాప్స్ అనే అప్రెంటిస్ స్కీము కింద భరిస్తది.

సీఎంఆర్, అంటే ప్రభుత్వ ధాన్యం, ఆడిస్తుంటే క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు 68 లెక్కన అప్పజెప్పాలి కాబట్టి ఈ రాతకోతలు మీకు అక్కడా పనికొస్తాయి. నాన్నగారితో వాదించకండి, లాట్ వారీ కాగితం ముందు పెట్టండి చాలు.

ప్రశ్న: మేము అమలాపురం దగ్గర కొబ్బరి పీచు యూనిట్‌లో చేస్తామండి. మా ఓనర్ గారు ఎక్కడో చూసొచ్చి 5ఎస్ అని గోడల నిండా పోస్టర్లు అంటించారు, ఆదివారం వచ్చి ఊడ్చమంటున్నారు, దానికి కూలీ లేదు. సలహాల పెట్టె కూడా పెట్టారు. నేను రెండు చీటీలు వేశాను, ఇంతవరకు తాళం తీసినవాళ్ళు లేరు. ఇదేనా ఇంప్రూవ్‌మెంట్ అంటే?
ఒక సోదరి

జవాబు: కాదమ్మా. ఊడవడం ఆ అయిదిట్లో ఒకటే, అదీ మూడోది. మొదటిది అక్కర్లేనివి బయట పడేయడం, రెండోది కావలసినవాటికి చోటు పెట్టడం, నాలుగోది దాన్ని అందరికీ ఒకే పద్ధతి చేయడం, అయిదోది అలవాటు నిలబెట్టడం. పాడైన బెల్టులు, విరిగిన మోటారు మూల పడి ఉండగా వాటి చుట్టూ ఊడిస్తే ఏమొస్తది? ఆ మోటారుని తీసేయాలంటే ఓనర్ గారి మాట కావాలి, కాబట్టి మొదటి ఎస్ ఆయన పనే, మీది కాదు.

ఆదివారం సంగతి, మీ యూనిట్ కార్మిక చట్టంలో ఫ్యాక్టరీ లెక్కలోకి వచ్చేదైతే వారానికో సెలవు, అదనపు గంటలకి రెట్టింపు కూలీ మీ హక్కు. ఇంప్రూవ్‌మెంట్ పేరు పెట్టుకుని ఊరికే చేయించుకోవడం కుదరదు. అయినా ఆ పని షిఫ్ట్ చివర పది నిమిషాలు మిషను ఆపి చేయాల్సింది, అలా చేస్తేనే ఎక్కడ పీచు చుట్టుకుంటోందో, ఎక్కడ ఆయిల్ కారుతోందో కంటబడుద్ది.

పెట్టె గురించి ఓనర్లందరికీ కలిపి చెప్తున్నాను, దయచేసి తీసేయండి. తాళం వేసిన పెట్టె మనిషి మాటకి తాళం వేసినట్టే ఉంటది. దాని బదులు ఒక నల్లబోర్డు పెట్టి, ఎవరు ఏం చెప్పారో వాళ్ళ పేరుతో రాసి, వారం లోపల చేస్తాం లేదా ఫలానా కారణంతో చేయం అని పక్కనే రాయండి. 'చేయం' అని రాసినా జనం ఊరుకుంటారు, జవాబే లేకపోతే మూడో చీటీ వేయరు. అమ్మా, మీ రెండు చీటీల్లో ఏం రాశారో మాక్కూడా రాయండి, తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్ ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో ఇస్తున్నారు, తీసుకుంటే ఉద్యోగం వస్తదా?
బీటెక్ ఫైనలియర్, కాకినాడ

జవాబు: సర్టిఫికెట్ వస్తది. సిక్స్ సిగ్మా అంటే తప్పులు తగ్గించే లెక్కల పద్ధతి, 1986లో మోటరోలాలో పుట్టింది, పది లక్షల అవకాశాలకి 3.4 తప్పులు అనే లెక్క నీకు ఎలాగూ చెప్తారు, ఇంటర్వ్యూలో ఆ అంకె అందరూ చెప్తారు. అడిగేది ఏం ప్రాజెక్టు చేశావు అని. రెండు రోజుల కోర్సు డబ్బులు ఉంచుకుని సెలవుల్లో పక్కనున్న ఐస్ ప్లాంటుకో మిల్లుకో వెళ్ళి ఒక్క సమస్య మీద నెల రోజులు లెక్కలు రాయి నాయనా, ముందు ఇంత ఉంది, ఇది మార్చాం, ఇప్పుడు ఇంత ఉంది అని చూపించు. బెల్ట్ ఆ తరవాత కొనుక్కోవచ్చు.

ప్రశ్న: ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తామండి, ఎనిమిది మంది ఆడవాళ్ళం. ఈ సరుకు ఈ ఊరిదే అనే జీఐ గుర్తింపు వచ్చాక ఆర్డర్లు పెరిగాయి, కొత్తగా అమ్మాయిల్ని పెట్టుకుంటే రేకు చిరిగిపోతోంది, పిండి పాడైపోతోంది. చేయి తిరగాలి అంటారు పెద్దవాళ్ళు, ఎన్నాళ్ళకి తిరుగుద్దో చెప్పరు. మాలాంటివాళ్ళకి కూడా ఈ లీన్ గీన్ పనికొస్తాయా?
ఒక పాఠకురాలు

జవాబు: మీకే ఎక్కువ పనికొస్తాయండి, ఎందుకంటే అన్నీ మీ కళ్ళ ముందే ఉంటాయి. చేయి తిరగడం అనేది ఒక్క పని కాదు. పిండి పల్చన ఎంత, గుడ్డ ఎంత తడిపి ఎంత పిండాలి, కుండ ఎంత వేడెక్కాక వేయాలి, గుడ్డ ఏ వైపు నుంచి ఏ వైపుకి లాగాలి, రేకు అంచు ఎప్పుడు లేస్తది, ఇన్ని ఉన్నాయి అందులో. కొత్తమ్మాయికి అన్నీ ఒకేసారి ఇస్తే చిరగక ఏమవుద్ది. మొదట్లో పిండి, మంట మీరే చూసుకుని ఆ అమ్మాయికి గుడ్డ లాగడం ఒక్కటే ఇవ్వండి, అది కుదిరాక మంట, ఆఖర్న పిండి.

చిరిగినప్పుడల్లా ఎందుకు చిరిగిందో ఒక గీత గీయించండి, పిండికి ఒక వరస, మంటకి ఒక వరస, చేతికి ఒక వరస. నా అంచనా, సగం పైన మంట దగ్గరే తేలుద్ది, కొబ్బరాకు మంట భగ్గుమని లేచి చప్పున పడిపోద్ది, దాన్ని ఒకే లెక్కలో ఉంచడమే పెద్ద విద్య, పెద్దవాళ్ళకి అది అలవాటైపోయి చెప్పడం మర్చిపోతారు. అడిగేటప్పుడు ఎలా చేస్తావు పిన్నీ అని అడక్కండి, చేస్తుండగా ఆపి ఇప్పుడెందుకు ఆగావు అని అడగండి, అప్పుడు చెప్తారు.

పిండి కొలతకి గ్లాసు, గరిటె ఒకటే పెట్టుకోండి అందరూ. చుట్టేవాళ్ళు ఖాళీగా కూర్చుని రేకుల కోసం చూస్తుంటే పొయ్యి దగ్గర మనిషిని పెంచాలి, రేకులు పేరుకుపోయి విరుగుతుంటే చుట్టే దగ్గర పెంచాలి, రెండూ ఒకే రోజులో మారుతుంటాయి, కాబట్టి అందరికీ రెండు పనులూ వచ్చి ఉంటే మేలు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) లేకపోతే చేయించుకోండి, ఖర్చు లేదు. దాని మీద కేంద్రంలో చిన్న పరిశ్రమలు చూసే ఎంఎస్ఎంఈ శాఖ లీన్ స్కీము ఉంది, 2023లో కొత్తగా మొదలెట్టారు, సలహాదారుడి ఖర్చులో 90 శాతం వాళ్ళే పెట్టుకుంటారు, బేసిక్ మెట్టుకి డబ్బే అక్కర్లేదు. కానీ ఆ సలహాదారుడు వచ్చే రోజుకి మీ దగ్గర ఒక నెల చిరుగుల లెక్క ఉండాలి, ఉంటే ఆయన పొయ్యి దగ్గరికి వస్తాడు, లేకపోతే పోస్టరు అంటించి వెళ్ళిపోతాడు.